చుట్టుదారి ప్రార్థన

మార్చి 6, గురువారం

నిన్నటి భస్మ బుధవారంతో శ్రమకాలం మొదలైంది. ఇంకా నలభై రోజులు... ఆ మాట తలుచుకుంటేనే కాళ్లు లాగుతున్నాయి. బుధవారం స్త్రీల మీటింగు, శుక్రవారం ఉపవాస ప్రార్థన, మిగతా రోజులు ఇంటింటి ప్రార్థనలు. ఎక్కడికి వెళ్లినా ప్లాస్టిక్ కుర్చీ, టీ, బిస్కెట్లు. "అమ్మగారూ, మావాడి ఉద్యోగం గురించి ప్రార్థన చెయ్యండి." చేస్తానమ్మా అంటాను. చెయ్యను. ఎవరికీ తెలియదు. ఈయనకి కూడా.

పాస్టరు భార్యనై ఇరవై ఆరేళ్లు. నాలో ప్రార్థన ఏ రోజున ఆగిపోయిందో కూడా తెలుసు. ఇప్పుడు రాయను.

యూత్ బాధ్యత కూడా నా నెత్తిన పడింది. ఇన్నాళ్లూ చూసిన కుర్రాడికి హైదరాబాదులో పని దొరికింది. తొమ్మిది మంది పిల్లలు. పాట, వాక్యం, సమోసా, సెల్ఫీ. నోటితో చెప్పించే ప్రార్థనలు నా దగ్గర అయిపోయాయి. నడిపిస్తే ఎలా ఉంటుంది?

మార్చి 7, శుక్రవారం

పోయినేడు విజయవాడ ప్రార్థన రిట్రీట్‌లో చూసింది గుర్తొచ్చింది. హాలంతా పరిచిన గుడ్డ మీద, ఒకదానిలో ఒకటిగా ఏడు చుట్లు. లాబిరింత్ అన్నారు. లోపలికి వెళ్లడానికి ఒకటే గుమ్మం. దారి ఎక్కడా చీలదు, తప్పిపోవడం ఉండదు. చెప్పుకోవలసింది దేవుడికి చెప్పుకుంటూ మెల్లగా లోపలికి నడవడం. మధ్యలో ఊరికే నిలబడటం. అదే దారిన వెనక్కి రావడం. అంతే. అందరూ నడిచారు. నేను మోకాళ్ల నొప్పులని కుర్చీలో కూర్చున్నాను.

ఈయనకి చెప్పాను. కంచంలోంచి తలెత్తకుండా – "సిలువ ఉంటుందా దాంట్లో?"

ఉంటుంది అన్నాను.

"అయితే సరే."

మార్చి 8, శనివారం

చర్చి వెనక ఖాళీ స్థలంలో గీశాం. ఒక మేకు, తాడు, కబడ్డీ కోర్టుకి వాడే సున్నం డబ్బా. ముందు సిలువ గీయాలి. దాని చుట్టూ నాలుగు మూలల్లో నాలుగు మలుపులు, నాలుగు చుక్కలు. తర్వాత ఒక్కో కొసనీ వంపు తిప్పుకుంటూ కలపడమే. రెండుసార్లు తప్పు కలిపాను. నీళ్లు చల్లి చెరిపి మళ్లీ గీశాను. నడుం విరిగింది.

రూబీ ఒకటే గోల – "అమ్మగారూ, ఇది మెలికల ముగ్గేనండీ! మా పక్కింటి పిన్నిగారు రోజూ ఏస్తారు."

స్టీఫెన్ ఏమో – "పద్మవ్యూహం రా బాబోయ్. లోపలికెళ్తే బయటికి రాలేం."

అందరూ పగలబడి నవ్వారు. నేను చుట్టుదారి అని పేరు పెట్టాను. లాబిరింత్ అంటే వాళ్లకి నోరు తిరగడం లేదు.

ఫోన్లన్నీ పళ్లబుట్టలో వేయించాను. చెప్పులు బయట. "లోపల ఏం జరుగుద్దండీ?" అన్నారు. ఏమీ జరగదు అన్నాను. ఆ మాట మాత్రం నిజమే చెప్పాను.

మొదటి చుట్టంతా ఇకిలింపులు. మూడో చుట్టుకి తగ్గాయి. అందరికన్నా చివర దీవెన వెళ్లింది – ప్రకాశరావు గారి చిన్నమ్మాయి, నందిగామలో డిగ్రీ మొదటేడు. మధ్యకి వెళ్లి నిమిషం నిలబడింది. బయటికొచ్చి నా మొహం చూడకుండా చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

మార్చి 9, ఆదివారం

ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర అందరితో చేతులు కలపడం. నవ్వీ నవ్వీ దవడలు నొప్పి.

మార్చి 12, బుధవారం

ప్రకాశరావు గారు వచ్చారు. ముక్త్యాల ఫ్యాక్టరీ డ్యూటీ దిగి తిన్నగా ఇటే – చేతిలో హెల్మెట్, కనుబొమల మీద సిమెంటు తెలుపు. సంఘపెద్ద. చర్చి కట్టేటప్పుడు ఇటుకలు మోసినవాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"వందనాలండి అమ్మగారు. చర్చి ఎనకమాల ఆ ముగ్గేంటండి?"

"ముగ్గు కాదండి. నడుస్తూ చేసే ప్రార్థన."

"చుట్టూ తిరిగే ప్రార్థన మనకెక్కడిదండి? రోడ్డు మీద పొయ్యేవాళ్లు ప్రదక్షిణలనుకోరా? మా నాన్న అయ్యన్నీ మానుకుని ఇక్కడికొచ్చాడండి. అయినోళ్ల చేత ఎన్ని మాటలు పడ్డాడో మీకు తెలవంది కాదు."

కోపంతో అనలేదు. బాధతో అన్నారు. అందుకే నాకు కోపం రాలేదు. యెరికో గోడల చుట్టూ తిరగలేదా అండీ మనవాళ్లు, అన్నాను.

"వాళ్లు గోడలు కూలగొట్టటానికి తిరిగారండి. మనం దేనికి?"

టీ పెట్టడానికి లేచాను. టీ తాగకుండానే వెళ్లిపోయారు.

మార్చి 15, శనివారం

రెండోసారి చుట్టుదారి. ఈసారి నవ్వులు తక్కువ. నడిచాక చుట్టూ కూర్చోబెట్టి ఏమనిపించిందని అడిగాను.

రూబీ – "మధ్యకి వచ్చేశా అనుకున్నానండీ. ఒక్క అడుగే. ఇంతలో దారి తిప్పి బయటి చుట్టులోకి తీసుకుపోయింది. భలే కోపం వచ్చింది."

"ఎవరి మీద?"

"ఏమోనండీ..." నవ్వబోయి ఆగిపోయింది. వాళ్ల నాన్న ఇల్లు వదిలి ఆర్నెల్లయింది. నేనూ రెట్టించలేదు.

అందరూ వెళ్లాక దీవెన ఉండిపోయింది. తాడు చుట్టడానికి సాయం చేస్తూ – "మధ్యలో నిలబడ్డప్పుడు అబద్ధం ఉండకూడదాండీ మనలో?"

"ఎక్కడా ఉండకూడదు కదమ్మా."

పాస్టరమ్మ జవాబు. ఇంటికొచ్చాక సిగ్గేసింది. ఆ పిల్ల అడిగింది అది కాదు.

మార్చి 16, ఆదివారం

సరే, రాస్తాను.

దీవెన అక్క సునీత. రెండేళ్ల కిందట కీసర అబ్బాయిని రిజిస్టరు పెళ్లి చేసుకుంది. వాళ్లది వ్యవసాయం, హిందువులు. ఆ వారమే కమిటీ కూర్చుంది. తీర్మానం పెట్టింది ఎవరో కాదు, ప్రకాశరావు గారే. తండ్రిగా ఏడ్చి, సంఘపెద్దగా సంతకం పెట్టారు. ఆదివారం ఈయన మైకులో చదివారు – సునీత పేరు సంఘ సభ్యత్వం నుంచి తొలగించడమైనది.

నాలుగేళ్ల పిల్లప్పటి నుంచి నా సండే స్కూల్లో పెరిగింది సునీత. ఉరిమితే నా కొంగులో దూరేది. ఆ ఆదివారం నేను ముందు బెంచీలో కూర్చుని చీర అంచు చూసుకున్నాను. లేచి ఒక్క మాట అని ఉంటే ఆగేదా? ఆగేది కాదేమో. అయినా లేవలేదు. ఆరాధన అయ్యాక పెద్దలకి టీ పెట్టి ఇచ్చాను.

అప్పటి నుంచి ప్రార్థన మాటలు నోట్లోనే ఉంటున్నాయి. లోపలికి దిగవు.

మార్చి 19, బుధవారం

చుట్టుదారి మీద కమిటీ ఆదివారం మాట్లాడుతుందట. "కొన్నాళ్లు ఆగి ఉండాల్సింది నువ్వు" అన్నారు ఈయన. ఎందుకు అంటే పేపరు తిరగేశారు.

బీపీ మాత్రలు అయిపోయాయి. బజారు దాకా వెళ్లే ఓపిక లేదు.

మార్చి 22, శనివారం

వరుసగా రాస్తాను.

ఐదున్నరకి మొదలుపెట్టాం. దీవెన చివర వెళ్లింది. మిగతావాళ్లు ఒక్కొక్కరే బయటికొచ్చారు. తను మధ్యలో కూర్చుండిపోయింది. పది నిమిషాలు. ఇరవై. పిల్లల్ని సమోసాలు తినమని ముందు వైపుకి పంపేశాను. "దీవెనా, వస్తావా అమ్మా?" తల అడ్డంగా ఊపింది.

ఇంతలో స్కూటర్ చప్పుడు. ప్రకాశరావు గారు. కూతురిని తీసుకెళ్లడానికి వచ్చారు.

"లే. ఇంటికి పద."

లేవలేదు.

అలవాటుగా చెప్పులు విడిచి, గీతలకి అడ్డంపడి తిన్నగా నడిచి వెళ్లారు. ఏడు చుట్లూ తొక్కుకుంటూ – సున్నం కాళ్లకంటింది. దారి వెంట వెళ్లండి అనబోయాను. నోరు రాలేదు. మళ్లీ.

భుజం పట్టుకుని లేపబోయారు. దీవెన ఏదో అంది. నాకు సగం సగం వినిపించింది. "...అక్కకి పాప... మూడో నెల నాన్నా..." తర్వాత గట్టిగా – "పాప నీ పోలికే."

భుజం మీది చెయ్యి జారిపోయింది. యూనిఫాం ప్యాంటుతోనే కూతురి పక్కన నేల మీద కూర్చున్నారు.

"ఎక్కడ?"

"నందిగామలోనే. కాలేజీ అయ్యాక రోజూ ఎళ్తున్నా. నీకు స్పెషల్ క్లాసులని చెప్పా."

"మీ అమ్మకి తెలుసా?"

"తెలుసు."

కాళ్లకంటిన సున్నం దులుపుకుంటూ – "అయితే నాకొక్కడికేనా తెలవంది."

ఆ గొంతు నేను ముందెప్పుడూ వినలేదు. సంఘపెద్ద గొంతు కాదు.

దీవెన లేచింది. ఆయన వచ్చిన దారినే అడ్డంగా గేటు వైపు తిరిగారు. "అటు కాదు నాన్నా. ఇటు రా." గుమ్మం దారి పట్టి నడవడం మొదలుపెట్టింది. ఆయన నిలబడి చూశారు. నా వైపు కూడా చూశారు. నేను కళ్లు దించుకోలేదు, అదొక్కటే నేను చేసింది. అప్పుడు కూతురి వెనక నడిచారు.

ఆయన తొక్కిన చోటల్లా గీత చెరిగిపోయి దారి తెలియడం లేదు. తడుముకుని ఆగిపోతే దీవెన ఆగి చూపిస్తోంది. ఒకచోట తను ముందు చుట్టులోకి తిరిగింది, ఆయనింకా వెనక చుట్టులో ఉన్నారు. ఇద్దరూ ఒకరికొకరు ఎదురొచ్చారు. గీతకి ఇటు కూతురు, అటు తండ్రి. మొహాలు చూసుకుని, పక్కపక్క నుంచే దాటుకుని పోయారు. ఆయన ఏడుస్తున్నారు.

బయటికొచ్చి చెప్పులు వేసుకుంటూ – "ఈ సంగతి ఎక్కడా అనమాకండి అమ్మగారు."

అనను అన్నాను. ఇక్కడ రాస్తున్నాను.

ఇది ప్రార్థనేనా? తెలియదు.

మార్చి 23, ఆదివారం

కమిటీ తేల్చేసింది. చర్చి స్థలంలో చుట్టుదారి వద్దు. వెనక ఖాళీలో సిమెంటు చేసి బళ్లకి షెడ్డు వేస్తారు. ప్రకాశరావు గారు అవునని చెయ్యెత్తలేదు, కాదనీ ఎత్తలేదు. ఈయన "పెద్దల మాట" అన్నారు.

తలనొప్పి అని చెప్పి పడుకున్నాను. టీ వేరే ఎవరో పెట్టారు.

మార్చి 26, బుధవారం

స్త్రీల మీటింగుకి దీవెన వాళ్లమ్మతో వచ్చింది. నేను చాపలు మడుస్తుంటే దగ్గరికి వచ్చి – "అక్క మిమ్మల్ని చూడాలంటుందండి."

నన్నా!

ఎండలు బాగా ముదిరాయి. మోకాళ్లు. బస్సులో సీటు దొరకదు. వెళ్లకపోవడానికి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకుంటున్నాను.

మార్చి 29, శనివారం

వెళ్లాను. పల్లెవెలుగు బస్సు, చిల్లకల్లు టోల్‌గేటు దగ్గర లారీల వెనక అరగంట. అనవలసిన మాటలు దారంతా కూర్చుకున్నాను.

మేడ మీద ఒకటే గది. రవి – అల్లుడనాలా? – "నమస్తే అండి" అని కూల్‌డ్రింకు కోసం కిందికి పరిగెత్తాడు. సునీత చిక్కింది. ల్యాబులో ఉద్యోగం పాప పుట్టేముందు మానేసిందట. చీర ఉయ్యాలలో పాప.

"అత్తగారోళ్లు వస్తుంటారా?" అని అడిగాను.

"కీసర నుంచీ ఎవరూ రారు, మన జగ్గయ్యపేట నుంచీ ఎవరూ రారు. రెండిటికీ మధ్యలో ఉన్నామండి" అని నవ్వింది.

కూర్చుకున్న మాటలన్నీ పోయాయి. నోటికొచ్చింది ఇదొక్కటే – "ఆ రోజు నేను లేవాల్సిందమ్మా."

పాప గుడ్డ సర్దుతూ, తలెత్తకుండా – "నేనా రోజు గేటు బయటే ఉన్నానండి. మైకులో విన్నా. మీ గొంతు వినపడుద్దేమోనని కాసేపు ఆగా."

గేటు బయట. ఇరవై అడుగులు కూడా ఉండదు. నాకు తెలియనే లేదు.

సునీత పాపని తెచ్చి నా ఒళ్లో పెట్టింది. నిజమే, ప్రకాశరావు గారి కనుబొమలు.

నేను మేడ దిగేముందు అడిగింది – "చెల్లిని నడిపించారంట కదండీ. నేను కూడా నడవచ్చా? నా పేరు లేదు కదా మీ దాంట్లో."

"నడవడానికి పేరెందుకమ్మా" అన్నాను. ఇన్నేళ్లలో ఆలోచించకుండా నేను చెప్పిన మంచి మాట ఇదే అనుకుంటా.

ఏప్రిల్ 1, మంగళవారం

ఒళ్లు నొప్పులు. పగలంతా పడుకున్నాను. ముగ్గురు వచ్చి ప్రార్థన చేయించుకుని వెళ్లారు.

ఏప్రిల్ 5, శనివారం

యూత్‌ని నందిగామ తీసుకెళ్తున్నాను అని ఈయనతో చెప్పాను. ఎవరింటికని ఆయన అడగలేదు. నేను చెప్పలేదు.

తొమ్మిది మందిలో ఏడుగురే వచ్చారు. ఇద్దరిని ఇళ్లలో పంపలేదట. సునీత వాళ్ల ఇంటి ఓనరమ్మ తమ మిర్చి కల్లంలో ఒక మూల ఖాళీ చేసి ఇచ్చింది. అవతల ఇంకా కాయలు ఆరుతున్నాయి. గాలి తిరిగినప్పుడల్లా ఘాటు. స్టీఫెన్ వరసగా తుమ్ముతూనే సున్నం పోశాడు. ఓనరమ్మ గట్టు మీద నిలబడి చూసి – "మీ దేవుడికి ఇట్టా తిరుగుతారని నాకు తెలవదే!" అంది. "మాకూ పోయిన నెల్లోనే తెలిసిందండి" అంది రూబీ.

సునీత పాపని భుజాన వేసుకుని నడిచింది. దీవెన అడుగు వెనకాలే. రవి నడవలేదు, గట్టు మీద కూర్చుని ఉన్నాడు. మధ్యలో సునీత ఎంతసేపు నిలబడిందో! పెదాలు కదిలాయి. ఏమని అడిగిందో నేను అడగలేదు.

"మీరెప్పుడూ నడవరేంటండీ?" అంది రూబీ.

"మోకాళ్లే."

"ప్రతిసారీ మోకాళ్లేనాండీ?"

వెళ్లాను. అనుకున్నంత ఇరుకు కాదు దారి. పెద్ద మాటలేవీ రాలేదు. నాలుగో చుట్టులో నా ఊపిరి నాకే వినిపించింది. మధ్యలో నిలబడి, నేను లేవలేదు ప్రభువా, అన్నాను. అంతకన్నా ఏమీ లేదు. జవాబూ లేదు. తుమ్ము వచ్చింది. అదే దారిన బయటికొచ్చాను.

తిరుగు బస్సులో పిల్లలు పాటలు పాడారు. నేను కిటికీకి తల ఆనించి నిద్రపోయాను. చిల్లకల్లు ఎప్పుడు దాటిందో తెలియదు.

ఏప్రిల్ 9, బుధవారం

ప్రకాశరావు గారు. ఈయన లేని వేళ చూసుకునే వచ్చారు. హెల్మెట్ అటూ ఇటూ తిప్పుతూ గుమ్మంలోనే నిలబడ్డారు.

"మీరు ఎళ్లారంట కదండి."

"వెళ్లానండి."

"నేనెళ్తే... తలుపు తీస్తదంటారా?"

"నాకు తీసిందండి."

"మీ సంగతి వేరండి. సంతకం పెట్టింది నేను."

"నేను చూస్తూ కూర్చున్నానండి. పెద్ద తేడా లేదు."

ఈసారి కుర్చీలో కూర్చున్నారు. టీ తాగారు. నందిగామ వెళ్తానని అనలేదు, వెళ్లనని కూడా అనలేదు.

ఏప్రిల్ 11, శుక్రవారం

సునీత ఫోన్ చేసింది. "మట్టల ఆదివారానికి వస్తానండి. పాపతో. ఆయన కూడా వస్తానన్నారు. ఎనక కూర్చుంటాం, ఎవరికీ అడ్డం రాం."

రమ్మన్నాను.

దీవెన వాళ్ల నాన్నకి చెప్పలేదట. నన్నూ చెప్పొద్దంది. ముందే తెలిస్తే ఆ రోజు డ్యూటీ వేయించుకుంటారని భయం.

ఏప్రిల్ 12, శనివారం

చెప్పాను. ఈయన రేపటి ప్రసంగం రాసుకుంటున్నారు. విని, పెన్ను మూత పెట్టారు.

"పేరు తీసేసిన మనిషి."

"ఆరాధనకి వస్తానంటోంది. పేరు అడగలేదు."

"ప్రకాశరావుకి తెలుసా?"

"తెలియదు."

"గొడవైతే?"

"అయితే ఈసారి నేను లేస్తాను."

కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఇరవై ఆరేళ్లలో ఈయనతో నేను ఇలా మాట్లాడలేదు. తిడతారేమో అనుకున్నాను. "ఆ రోజు ఆ కాయితం చదివేటప్పుడు నాకూ నోరెండిపోయింది" అన్నారు. ఇన్నాళ్లూ నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు. వెంటనే – "అయినా కమిటీ ఉంది కదా..." అని మళ్లీ పెన్ను తీశారు.

రాసేదాన్ని మార్చారో లేదో తెలియదు.

ఏప్రిల్ 13, మట్టల ఆదివారం

పొద్దున్నే. చర్చి పక్కనే ఉన్న మా ఇంటి కిటికీ దగ్గర నిలబడే రాస్తున్నాను. మొదటి గంట కొట్టేశారు.

పిల్లలు ఈతమట్టలు పట్టుకుని వరుస కడుతున్నారు. ప్రకాశరావు గారు ఎప్పటిలాగే తెల్ల చొక్కాతో గుమ్మం దగ్గర నిలబడి, వచ్చేవాళ్లతో చేతులు కలుపుతున్నారు. ఆ గుమ్మం తప్ప లోపలికి ఇంకో దారి లేదు. దీవెన గేటు బయటికెళ్లి రోడ్డు వైపు చూస్తోంది.

నందిగామ బస్సు ఈపాటికి వచ్చి ఉండాలి.

ఇప్పుడే వెళ్లి, వెనక బెంచీలో చివర నా చేతిసంచి పెట్టి వచ్చాను. పక్కన ఇంకో ఇద్దరికి చోటుంది.

గేటు దగ్గర ఆటో ఆగింది. ఎవరు దిగారో కనిపించడం లేదు, మట్టలు అడ్డం.

రెండో గంట.